మిల్లు పైసలిచ్చి పెట్టుకున్న కన్సల్టెంట్ శబ్దం రిపోర్టును నమ్మొచ్చా?

పక్కవీధి_మిర్యాలగూడ:
యాసంగి వడ్లు దిగినప్పటి నుంచి మా ఇంటెనక రైస్ మిల్లు రాత్రంతా ఆడుతున్నది. ఫిర్యాదు చేస్తే వాళ్లే కన్సల్టెంట్‌ను పిలిపించి కొలిపించిన్రు. మధ్యాహ్నం గేటు దగ్గర 68 డెసిబెల్స్, పారిశ్రామిక ప్రాంతానికి 75 దాకా ఉండొచ్చు, అంతా సక్రమమే అని రిపోర్టు. మా అమ్మకు కంటి మీద కునుకు లేదు. పైసలిచ్చినోళ్ల మాటే రాస్తరు గదా?

ఎడమకాల్వ_రైతు:
అన్నా, రాత్రి మిల్లు ఆపితే మా వడ్లు ఎక్కడ పోసుకోవాలె? బయట ట్రాక్టర్ల వరుస చూసినవా? మిషన్ చూపిందే ఆయన రాసిండు. అబద్ధమనడానికి నీ దగ్గర ఏమున్నది?

మోత_కొలిచేటోణ్ని:
నేను ఈ పనిలోనే ఉన్న. 68 నిజమే అయి ఉంటది. కానీ రాత్రి బాధకు పగటి కొలత జవాబెట్లయితది? 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రంటే 10 నుంచి పొద్దున 6 దాకా. నివాస ప్రాంతానికి పగలు 55, రాత్రి 45. పారిశ్రామిక ప్రాంతానికి 75, 70. మీ వీధి ఏ కిందికి వస్తదో కన్సల్టెంట్ తేల్చేది కాదు, ప్రభుత్వం తేల్చాలె. ఆ కాగితం రిపోర్టుకు జతచేసిన్రా, అడగండి.

మిల్లు ఆడుతున్నప్పుడూ, ఆపినప్పుడూ కొలవాలె. లేకపోతే అద్దంకి రోడ్డు లారీల మోతెంత, మిల్లుదెంత అని ఎవరు చెప్తరు? పైగా లారీ మోత వచ్చి పోతది, మిల్లుల గాలి కొట్టే బ్లోయర్ గుయ్యిమని ఆగకుండా ఉంటది. సగటు ఒక్కటే వచ్చినా మనిషికి ఆ రెండూ ఒక్కటి కావు. మామూలుగా వాడే ఏ-వెయిటింగ్, అంటే మనిషి చెవికి వినపడే తీరుకు తగ్గట్టు లెక్కేసే పద్ధతి, బొంగురు మోతను తక్కువ చేసి లెక్కేస్తది, గోడలు ఆపలేనిది కూడా ఆ మోతనే.

పైసలు మిల్లే ఇయ్యనీ. కొలిచే చోటూ, సమయమూ మాత్రం మీరు కూడా కూసొని ఖాయం చెయ్యాలె.

పక్కవీధి_మిర్యాలగూడ:
రాత్రి ఫోన్ యాప్‌ల 60 చూపించింది. చెల్లుతదా?

మోత_కొలిచేటోణ్ని:
సాక్ష్యంగా నిలబడదు. మీటరునైతే కొలిచే ముందూ, తర్వాతా కాలిబ్రేటర్ (ముందే లెక్క తెలిసిన మోత చేసే చిన్న పరికరం) పెట్టి సరిచూస్తం. ఫోనుకు అది లేదు. ఫిర్యాదులో మాత్రం రాయండి. పరిమితి మీద 10 డెసిబెల్స్, అంతకు మించి ఉంటే ఫిర్యాదు చేసే హక్కు ఆ నియమాల్లోనే ఉన్నది.

రైతన్నకు ఒక మాట: మిల్లు ఆపనవసరం లేదు. బ్లోయర్‌కు సైలెన్సర్, మోటార్ల కింద రబ్బరు ప్యాడ్లు, ఇండ్ల దిక్కు అడ్డుగోడ పెడితే చాలా తగ్గుతది.

ఎడమకాల్వ_రైతు:
గట్లైతే నాకూ సమ్మతమే. ఆ ఖర్చంతా తరుగు పేరు మీద మా బస్తాల్ల కోస్తే మాత్రం ఊకునేది లేదు.