పెర్ల్ కోర్‌లోకి మూస్‌ను తీసుకోకుండా కొత్త క్లాస్ వ్యవస్థను ఎందుకు కట్టారు?

ప్రశ్న – పాతస్క్రిప్టు

మా సంస్థలో బిల్లింగ్ పనులు చూసే పెర్ల్ కోడ్ చాలావరకు మూస్ (ఆబ్జెక్టులు రాయడానికి విడిగా వేసుకునే మాడ్యూల్) మీద, మిగిలినది పెర్ల్‌లోని బ్లెస్ ఫంక్షన్‌తో చేత్తో రాసుకున్న ఆబ్జెక్టుల మీద నడుస్తోంది. 2023 జూలైలో విడుదలైన పెర్ల్ 5.38లో ‘క్లాస్’ ఫీచర్‌ను ప్రయోగాత్మకంగా చేర్చారు. మూస్ 2006 నుంచే ఉంది. రోల్స్ (సంబంధం లేని క్లాసులు పంచుకునే ప్రవర్తనలు), టైప్ తనిఖీలు, మెథడ్ మాడిఫయర్లు (ఉన్న మెథడ్‌కు ముందూ వెనకా పని జోడించేవి) అన్నీ అందులో ఉన్నాయి. అటువంటిదాన్ని కోర్‌లోకి, అంటే భాషలోకే, తీసుకోక, అంతకంటే తక్కువ సౌకర్యాలున్న వ్యవస్థను మొదటి నుంచి కట్టడంలో ఔచిత్యం ఏమిటి? ఒక భాషకు ఆబ్జెక్ట్ వ్యవస్థను ఎంచుకునేవారు దేనిని ప్రాతిపదికగా తీసుకుంటారో తెలిసినవారు వివరించగలరు.

సమాధానం – కామాచుక్క

పాతస్క్రిప్టు గారూ, వేగమే కారణమని చాలామంది అంటారు. చిన్న కమాండ్ లైన్ పనిముట్టుకు మూస్ లోడ్ కావడమే భారమన్న మాట నిజమే. మూ వంటి తేలికపాటి మాడ్యూళ్లు వచ్చింది అందుకే. కానీ అసలు చిక్కు అంతకంటే కింద ఉంది. 1994లో పెర్ల్ 5తో వచ్చిన బ్లెస్ ఒక రిఫరెన్సును తీసుకుని దానికి ప్యాకేజీ పేరు తగిలిస్తుంది, అంతే. ఆబ్జెక్ట్ లోపల ఏముండాలో, దానిని ఎవరు తాకవచ్చో దానికి పట్టదు. మూస్ పైన ఎన్ని అంతస్తులు లేపినా పునాది మామూలు హ్యాషే (కీ–విలువ జతల పట్టిక).

మీ బిల్లింగ్ కోడ్‌నే తీసుకోండి. సెల్ఫ్ హ్యాష్‌లో ‘టోటల్’ అని రాయవలసిన చోట ఎవరైనా ‘టొటాల్’ అని రాసి విలువ పెడితే, పెర్ల్ నోరు మెదపకుండా ఆ పేరుతో కొత్త కీని సృష్టిస్తుంది. ప్రకటించని చలరాశులను పట్టుకునే స్ట్రిక్ట్ పెట్టినా ప్రయోజనం లేదు, ఎందుకంటే హ్యాష్ కీల స్పెల్లింగ్ దాని పరిధిలోకి రాదు. బిల్లు తప్పుగా వచ్చాకే సంగతి బయటపడుతుంది. కొత్త వ్యవస్థలో ఫీల్డ్ (ఆబ్జెక్ట్ లోపలి విలువ) అనేది లెక్సికల్ చలరాశి, అంటే ముందే ప్రకటించి తన పరిధిలోనే వాడుకునే చలరాశి కాబట్టి, అదే తప్పు చేస్తే ప్రోగ్రామ్ కంపైల్ కాదు. తల్లి క్లాసులోనూ పిల్ల క్లాసులోనూ ఒకే పేరుతో ఫీల్డులు పెట్టుకున్నా అవి ఒకదానినొకటి చెరపవు. హ్యాష్ ఆధారిత ఆబ్జెక్టుల్లో ఆ రెండూ ఒకే కీ మీద కొట్టుకుంటాయి. న్యూ కన్‌స్ట్రక్టర్ తనంతట తానే తయారవుతుంది, మీరు ప్రకటించని పారామీటరును పంపితే తిరస్కరిస్తుంది.

ఈ రూపకల్పనకు కోరిన్నా అని పేరు. కర్టిస్ పో ఆధ్వర్యంలో దాని మీద బహిరంగంగా సుదీర్ఘ చర్చ జరిగింది, అమలు బాధ్యత పాల్ ఎవాన్స్ తీసుకున్నారు. ఆయన రాసిన ఆబ్జెక్ట్ ప్యాడ్ మాడ్యూల్ సీపాన్‌లో (పెర్ల్ మాడ్యూళ్ల బహిరంగ భాండాగారం) ముందే ప్రయోగశాలగా పనికివచ్చింది. మాడ్యూల్‌లో తప్పు జరిగితే మరో మాడ్యూల్ రాసుకోవచ్చు. కోర్‌లోకి వెళ్లినదాన్ని వెనక్కి తీసుకోవడం దాదాపు అసాధ్యం. అందుకే తక్కువతో మొదలుపెట్టడం నాకు సబబుగానే తోస్తోంది.

సమాధానం – వారసత్వరేఖ

కామాచుక్క గారు ఎన్‌క్యాప్సులేషన్ (ఆబ్జెక్ట్ లోపలి విలువలను బయటివారు తాకకుండా దాచడం) గురించి చెప్పినదంతా అంగీకరిస్తాను. తక్కువతో మొదలుపెట్టడం పూర్తిగా సబబన్న మాటతో మాత్రం ఏకీభవించలేను.

కొత్త వ్యవస్థ ఒక క్లాసుకు ఒకే తల్లి క్లాసును అనుమతించడం మంచి నిర్ణయమే, దానికి పెర్ల్ చరిత్రలోనే సాక్ష్యం ఉంది. ‘బి’, ‘సి’ రెండూ ‘ఏ’ నుంచి వచ్చి, ‘డి’ ఆ రెండింటి నుంచి వచ్చిందనుకోండి. పెర్ల్ సహజ పద్ధతి లోతుగా వెతికేది కాబట్టి డి, బి, ఏ, ఆ తర్వాతే సి అన్న వరుసలో పోతుంది; ఏలోని మెథడ్‌ను సి మార్చి రాసుకున్నా అది ఎన్నటికీ వెలుగు చూడదు. డిలన్ భాష కోసం 1996లో ప్రతిపాదించిన, తల్లి క్లాసులను వెతికే సీ3 వరుస ఈ చిక్కును తీరుస్తుంది. పైథాన్ 2003లో 2.3తో దానిని స్వీకరించింది. పెర్ల్ కూడా 2007లో 5.10తో దానిని తెచ్చింది గాని, పాత కోడ్ చెడిపోకుండా, కోరినవారికి మాత్రమే. సహజ పద్ధతి నేటికీ పాతదే.

నా అభ్యంతరం రోల్స్ గురించి. ఒకే తల్లి అని కట్టడి చేసినప్పుడు, లాగింగ్ వంటి ప్రవర్తనను సంబంధం లేని క్లాసుల మధ్య పంచుకోవడానికి వేరే దారి చూపాలి. కోరిన్నా రూపకల్పనలో రోల్స్ ఉన్నాయి, కోర్‌లోకి మాత్రం ఇంకా రాలేదు. ఒక తలుపు మూసి రెండోది తెరవకముందే భాషలో పెట్టడం తొందరపాటే.

పాతస్క్రిప్టు

ఇద్దరికీ ధన్యవాదాలు. అయితే కొత్తగా రాసే భాగాలను క్లాస్‌తో రాసి, మా మూస్ క్లాసుల నుంచి వారసత్వం తీసుకోవచ్చా?

సమాధానం – కామాచుక్క

కుదరదండి. కొత్త క్లాస్‌కు తల్లిగా అదే పద్ధతిలో రాసిన క్లాసే ఉండాలి. ఆ క్లాసులోకి బ్లెస్ చేయబోయినా పెర్ల్ ఒప్పుకోదు. పాత మూస్ ఆబ్జెక్టును ఒక ఫీల్డులో ఉంచుకుని, కావలసిన మెథడ్లను దానికి అప్పగించడమే మార్గం. వెర్షన్ విషయంలో 5.38 దగ్గర ఆగవద్దు: ఫీల్డ్ విలువను బయటికి చదివించే రీడర్ 2024లో 5.40తో, రైటర్, క్లాసుకే పరిమితమైన మెథడ్లు 2025లో 5.42తో వచ్చాయి. ఇంకొక్క మాట, డీబగ్ చేసేటప్పుడు విలువలను ముద్రించి చూపే డేటా డంపర్ మాడ్యూల్ ఈ ఆబ్జెక్టుల లోపలి విలువలను చూపలేదు, కాబట్టి అవసరమైన ఫీల్డులను హ్యాష్‌గా తిరిగి ఇచ్చే చిన్న మెథడ్‌ను ప్రతి క్లాసులోనూ మొదటి రోజే రాసి పెట్టుకోండి.