ఫీబా వ్యవస్థాపక దేశమైన లాత్వియా ప్రపంచ కప్‌కు ఇంత ఆలస్యంగా ఎందుకు వచ్చింది?

ప్రశ్న:
1932 జూన్ 18న జెనీవాలో అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ‘ఫీబా’ను స్థాపించిన ఎనిమిది దేశాల్లో లాత్వియా ఒకటి. 1935లో అదే నగరంలో జరిగిన తొలి యూరోబాస్కెట్ (యూరప్ దేశాల జాతీయ జట్ల ఛాంపియన్‌షిప్) ఫైనల్లో స్పెయిన్‌ను 24-18 తేడాతో ఓడించి విజేతగా నిలిచింది కూడా. అటువంటి దేశం పురుషుల ప్రపంచ కప్‌లో మొదటిసారి ఆడింది 2023లోనని చదివి ఆశ్చర్యపోయాను. మధ్యకాలంలో ఫీబాతో దాని సంబంధం పూర్తిగా తెగిపోయిందా?

జవాబు 1:
ప్రపంచ కప్ మొదలైందే 1950లో. అప్పటికి లాత్వియాకు సొంత జాతీయ జట్టు లేదు. 1940లో సోవియట్ యూనియన్ ఆ దేశాన్ని తనలో కలిపేసుకుంది. అంతకు ముందు ఏడాదే కౌనస్‌లో జరిగిన యూరోబాస్కెట్‌లో లిథువేనియా చేతిలో 37-36తో, ఒకే ఒక్క పాయింటు తేడాతో ఓడి రజతంతో సరిపెట్టుకున్న జట్టది. 1991లో స్వాతంత్ర్యం తిరిగి వచ్చాక, 1992లో లాత్వియా మళ్లీ ఫీబాలో చేరింది.

జవాబు 2:
పై జవాబు సరైనదే కాని, ఆ యాభై ఏళ్లూ లాత్వియా బాస్కెట్‌బాల్ ఖాళీగా కూర్చోలేదు. పురుషుల యూరోపియన్ ఛాంపియన్స్ కప్ తొలి మూడుసార్లూ, అంటే 1958 నుంచి 1960 వరకు, అలెగ్జాండర్ గోమెల్‌స్కీ శిక్షణలోని ఏఎస్‌కే రీగా క్లబ్బుకే దక్కింది. మహిళల్లో టీటీటీ రీగా ఏకంగా 18 సార్లు యూరోపియన్ కప్ గెలిచింది. ఆ క్లబ్బు క్రీడాకారిణి ఉల్యానా సెమ్యోనోవా 1976, 1980 ఒలింపిక్స్‌లో సాధించిన స్వర్ణాలు మాత్రం పతకాల పట్టికలో సోవియట్ యూనియన్ ఖాతాలోనే ఉన్నాయి. పట్టికలు మాత్రమే చూసేవారికి లాత్వియా కనిపించకపోవడానికి ఇదే ప్రధాన కారణమని నా అభిప్రాయం.

జవాబు 3:
అయితే 1992 తరువాతి మూడు దశాబ్దాల నెపాన్ని కూడా సోవియట్ పాలన మీదే వేయలేము. యూరప్ నుంచి అర్హత సాధించడం ఎప్పుడూ కష్టమే, లాత్వియా ప్రతిసారీ అక్కడే ఆగిపోయింది. చివరికి 2023లో, గాయపడిన తన స్టార్ ఆటగాడు పోర్జిన్‌గిస్ లేకుండానే, అడుగుపెట్టిన తొలి ప్రపంచ కప్‌లోనే అయిదో స్థానం సాధించింది. ఆ స్థానం కోసం జరిగిన మ్యాచ్‌లో పాత ప్రత్యర్థి లిథువేనియాను 98-63తో చిత్తు చేయగా, లాత్వియా ఆటగాడు ఆర్తూర్స్ జగార్స్ ఒక్కడే 17 అసిస్టులతో (సహచరుల బాస్కెట్లకు దారితీసిన పాస్‌లతో) ప్రపంచ కప్ రికార్డు నెలకొల్పాడు.