తాకగానే గెంతే శిష్యులు: అది లోపలి శక్తేనా, ఒడుపా?

రాత్రిబండి:
నిన్న ఒక తైచీ (మెల్లగా కదులుతూ చేసే చైనా యుద్ధవిద్య) వీడియో చూశాను. గురువుగారు అరచెయ్యి అలా ఆనించారో లేదో, శిష్యుడు ఆరడుగులు వెనక్కి పోయాడు. దాని పేరు 'నేయ్‌జిన్', అంటే లోపలి శక్తి అట. ఆపి ఆపి చూస్తే ఒకటి దొరికింది. అతను రెండు కాళ్ళూ కలిపి గెంతుతున్నాడు. నిజంగా ఎవరైనా తోస్తే ఒక కాలు వెనక్కి పడుతుంది, తూలతాం, చేతులు గాల్లో కొట్టుకుంటాయి. కప్పలా వెనక్కి గెంతడమంటే నేర్చుకోవాల్సిందే. మీరేమంటారు?

గుర్రపునిలుపు:
వీడియో గురువులను చూపించి విద్యనంతా తీసిపారేస్తే ఎలా అన్నా? నేను ఎనిమిదేళ్ళుగా చేస్తున్నాను. తుయ్‌షౌ అని ఉంటుంది, ఇద్దరూ చేతులు ఆనించుకుని ఎదుటివాడి నిలకడ తప్పించాలి. అందులో ఓసారి మా మాస్టారిని ఒళ్ళంతా బిగబట్టి తోశాను. గోడను తోసినట్టు లేదు, గడియ వెయ్యని తలుపును తోసినట్టుంది. ఆయన నడుము కాస్త తిప్పారంతే, నేను వెళ్ళి బెంచీ మీద పడ్డాను. ఆయనకు అరవై దాటాయి. దాన్నేమంటారు మరి?

తాలింఖానా:
ఒడుపంటాం గురూ! మా తాత కుస్తీ పట్టేవాడు. బక్కోడు దున్నపోతు లాంటోణ్ణి ఎత్తేస్తే ఎవరూ 'చీ' (ఒంట్లో పారే శక్తట) గీ అనలేదు, ఒడుపు తెలిసినోడు అన్నరు. చైనా భాషలో కూడా 'లీ' వేరు, 'జిన్' వేరు. లీ అంటే ఉత్త బలం, జిన్ సాధన మీద వచ్చేది. నేల మీద పాదం తన్నిన ఊపు తుంటి, నడుము మీదుగా చేతికి తెగకుండా రావాలె. ఇందులో దాచిపెట్టేదేముంది?

పాతపుటలు:
'లోపలి', 'బయటి' అన్న విభజన కూడా వాళ్ళు చెప్పుకున్నంత సనాతనమేం కాదు. 1669లో హువాంగ్ జోంగ్‌షీ అనే పండితుడు ఒక యోధుడి సమాధి కోసం రాసిన పాఠంలో షావోలిన్ మఠం విద్యను బయటి విద్య అని, జాంగ్ సాన్‌ఫెంగ్ అనే కథల్లోని తావో సన్యాసి పేరున వచ్చినదాన్ని లోపలి విద్య అని అన్నాడు. అందులో తైచీ ఊసే లేదు. తైచీ, షింగ్‌యీ, బాగ్వా అనే మూడు యుద్ధవిద్యలను 'లోపలి' అన్న ఒకే గూట్లో పెట్టడం 20వ శతాబ్దం తొలినాళ్ళలో సన్ లూతాంగ్ వంటి గురువుల వల్ల స్థిరపడింది. 1930ల్లో తాంగ్ హావో అనే చరిత్రకారుడు హెనాన్‌లో తరాలుగా తైచీ చేస్తున్న చెన్ వంశీకుల ఊరిదాకా వెళ్ళి ఆరా తీశాడు. జాంగ్ సాన్‌ఫెంగ్ తైచీని పుట్టించాడన్నది కట్టుకథేనని తేల్చాడు. కాబట్టి ఈ అనుమానం పరాయివాళ్ళది కాదు, చైనావాళ్ళదే.

రాత్రిబండి:
ఒడుపంటే నాకు పేచీ లేదు. పేచీ అంతా తాకకుండానే పడగొడతామనేవాళ్ళతో, తాకి అద్భుతమనేవాళ్ళతో. 2017 ఏప్రిల్‌లో చెంగ్దూలో తైచీ గురువు వెయ్ లెయ్‌ని షూ షియావోడాంగ్ అనే ఎమ్ఎమ్ఏ (అన్ని పోరాట పద్ధతులూ కలిపిన పోటీ) ఆటగాడు అర నిమిషం కూడా పట్టకుండా కూలేశాడు. 2020 మే నెలలో 'మా బావోగువో' అనే మరో తైచీ గురువు ఒక పోటీలో 30 సెకన్లలో మూడుసార్లు పడ్డాడు, మూడోసారి లేవలేదు.

గుర్రపునిలుపు:
మా బావోగువోకి అప్పుడు 69 ఏళ్ళు, అదీ చెప్పండి! 1954లో మకావ్‌లో వూ గోంగ్‌యీ అనే తైచీ గురువు తనకంటే బాగా చిన్నవాడైన, తెల్లకొంగ శైలి గురువు చాన్ హక్‌ఫూకి పోటీలో ఎదురు నిలిచాడు. గెలుపోటములు తేల్చకుండానే ఆపేశారు.

తాలింఖానా:
ఆ ఫిల్మ్ చూశారా సారూ? చాన్ ముక్కు పగిలింది నిజమే. కానీ అది మామూలు గుద్దే. ఇద్దరూ బడి పోరగాళ్ళ లెక్క చేతులు ఇసిరిన్రు. మెత్తగా మళ్ళించుడు ఏడున్నది?

గుర్రపునిలుపు:
ఈ గొడవంతా ఆదివారం మాస్టారి ముందు పెట్టాను. "నేను చెయ్యి ఆనించను, దూరం నుంచి వచ్చి కొట్టి వెనక్కి వెళ్ళిపోతాను, అప్పుడేం చేస్తారు?" అని అడిగాను. ఆయన బెంచీ మీద కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటూ, "నువ్వు ఆనకపోతే నాకేం తెలుస్తుంది? నేనూ తప్పుకుంటాను" అన్నారు.