మేసన్ మిల్లర్‌ని స్టార్టర్ చెయ్యాలా, బుల్‌పెన్‌లోనే ఉంచాలా? ఇంట్లో పిల్లలు పిచింగ్ చేసేవాళ్ళు కూడా చెప్పండి

శాన్‌డియాగో తెలుగోడు:
మా పాడ్రేస్ (శాన్‌డియాగో బేస్‌బాల్ టీమ్) బ్యాచ్‌లో ఎక్కడ కలిసినా ఇదే గొడవ, మా పిచర్ (బాల్ విసిరేవాడు) మిల్లర్‌ని గేమ్ మొదలుపెట్టి చాలా ఇన్నింగ్స్ వేసే స్టార్టర్ చెయ్యాలా, తర్వాత వచ్చే రిలీవర్లు ఉండే బుల్‌పెన్‌లోనే ఉంచాలా అని. మా స్టార్టర్లలో సీజ్ వెళ్ళిపోయాడు, డార్విష్ మోచెయ్యి సర్జరీతో 2026 మొత్తం లేడు, రొటేషన్‌లో (స్టార్టర్ల వరసలో) ఖాళీ క్లియర్‌గా కనపడుతోంది. ఇటు చూస్తే మిల్లర్ ప్లేఆఫ్స్‌లో కబ్స్ మీద 104.5 మైళ్ళ బాల్ వేసినోడు. అట్లాంటోణ్ణి గేమ్‌కి ఒక ఇన్నింగ్ వేయించి పంపించడం నాకు నచ్చట్లేదు. కానీ ఒళ్ళు చూస్తే భయం, 2022లో భుజం, 2023లో మోచెయ్యి. మారినర్స్ మీద ఒక్క హిట్ ఇవ్వకుండా 7 ఇన్నింగ్స్ వేసిన కొద్దిరోజులకే యూసీఎల్ (మోచెయ్యి లోపలివైపు లిగమెంట్) స్ప్రెయిన్, మళ్ళీ సెప్టెంబర్ దాకా కనపళ్ళేదు. ఆ దెబ్బతోనే అప్పటి టీమ్ ఓక్లాండ్ వాళ్ళు 2024లో క్లోజర్ (గేమ్ చివర్లో వచ్చి ముగించే రిలీవర్) చేశారు. మీరైతే ఏం చేస్తారు? మా అన్నయ్య కొడుక్కి కూడా పదిహేనేళ్ళు, మోచెయ్యి నొప్పి తగ్గాక కోచ్ రిలీఫ్‌కి మారమంటున్నాడట.

బోస్టన్ బాబాయ్:
దీనికి చర్చ ఎందుకండీ, మా క్రోషే కళ్ళముందే ఉన్నాడుగా. వైట్ సాక్స్ వాళ్ళు 2020లో డ్రాఫ్ట్ చేసి, మైనర్స్‌లో (కింది లీగుల్లో) ఒక్క గేమ్ ఆడించకుండా అదే సెప్టెంబర్‌లో బుల్‌పెన్‌లోకి దించారు. రిలీవర్‌గా ఉండగానే 2022లో టామీ జాన్ సర్జరీ (తెగిన మోచేతి లిగమెంట్ బదులు స్నాయువు కట్టే ఆపరేషన్). బుల్‌పెన్ ఏం కాపాడినట్టు? 2024లో స్టార్టర్ చేస్తే 146 ఇన్నింగ్స్‌లో 209 స్ట్రైకౌట్లు, మా రెడ్ సాక్స్‌కి వచ్చాక 2025లో 205 ఇన్నింగ్స్, 255 స్ట్రైకౌట్లు, సై యంగ్ (బెస్ట్ పిచర్ అవార్డు) ఓటింగ్‌లో స్కూబల్ తర్వాత వీడే. ట్రేడ్ రోజు "జూన్‌కల్లా చెయ్యి పోద్ది" అన్నవాళ్ళెవరో నాకు బాగా గుర్తుంది. మిల్లర్‌ని స్టార్టర్ చెయ్యండి, అంతే.

ఫ్రిస్కో అమ్మ:
మిల్లర్ సంగతి నాకు పెద్దగా తెలీదు కానీ రిలీఫ్ అంటే రెస్ట్ అని ఎవరన్నా అంటే మాత్రం ఒళ్ళు మండుతుంది. మా బాబుకి పన్నెండేళ్ళు, పోయిన ఫాల్‌లో మోచెయ్యి లోపలివైపు నొప్పన్నాడు, డాక్టర్ గారు కొన్నాళ్ళు ఆపించి మెల్లగా మొదలుపెట్టమన్నారు, ట్రావెల్ టీమ్ కోచ్ ఏమో స్టార్ట్ చేయించను చివర్లో ఒక ఇన్నింగ్ వేయిస్తా అన్నాడు, తీరా చూస్తే శనివారం రెండు గేముల్లో, ఆదివారం ఇంకోదాంట్లో, మధ్యలో క్యాచర్‌గా (వికెట్ కీపర్ లాగా) కూర్చోబెట్టడం, ప్రతిసారీ పక్కకెళ్ళి వార్మప్ బాల్స్, అవేవీ లెక్కలోకి రావు. యాప్ తెరిస్తే "పిచెస్ 18" అని మాత్రమే ఉంటుంది. క్యాచింగ్ చేసినవాడు పిచ్ చెయ్యకూడదని రూల్ ఏదో ఉందంటారు, తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

గుంటూరు పేసర్:
ఫ్రిస్కో అక్క చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. నేను జిల్లా టీమ్‌కి ఫాస్ట్ బౌలింగ్ చేసినోణ్ణి, ఈ విషయం నాకు ఒంటికి తెలుసు. మయాంక్ యాదవ్‌ని చూడండి, ఐపీఎల్ 2024లో 156.7 కిలోమీటర్ల స్పీడ్‌తో వేశాడు. టీ20లో మ్యాచ్‌కి నాలుగే ఓవర్లు, అంటే 24 బాల్స్, మీ రిలీవర్ లెక్కే గదా. అయినా ఆ సీజన్‌లో నాలుగు మ్యాచులు దాటలా, ఆ తర్వాత నడుం. తక్కువ వేస్తే ఒళ్ళు నిలబడుద్దనేది తప్పుమాట. కుర్రోడికి లోడ్ మెల్లగా పెంచుకుంటా పోవాలి, లాంగ్ స్పెల్స్ అలవాటు చెయ్యాలి, అప్పుడే గట్టిపడతాడు.

కర్వ్‌బాల్ బావ:
బేస్‌బాల్ అడిగితే క్రికెట్ ఎందుకు తెస్తారండీ ప్రతిసారీ. బౌలర్ మోచెయ్యి 15 డిగ్రీలు దాటి చాస్తే చకింగ్ అంటారు. పిచర్ బతుకే మోచెయ్యి వంచి విసరడం మీద. బౌలర్‌కి రన్నప్ ఉంది, ముందుకాలు దబ్బున పడ్డప్పుడు బరువంతా నడుం మీదకొచ్చి అక్కడ ఎముక చిట్లుతుంది. పిచర్‌కి పరుగు లేదు, మౌండ్ (మట్టిదిబ్బ) మీద నిలబడ్డ చోటినించే 100 మైళ్ళు పుట్టించాలి, పోయేది మోచేతి లిగమెంట్. ఎముకైతే అతుక్కుంటుంది, లిగమెంట్ పూర్తిగా తెగితే మళ్ళీ కోయించుకోవాల్సిందే. రెంటికీ పోలికేంటి?

గుంటూరు పేసర్:
విరిగే చోటు వేరని నేను కాదన్నానా? నేను చెప్పింది లోడ్ గురించి. మీరు టీవీలో చూసి మాట్లాడుతున్నారు, నేను మే నెల ఎండలో మ్యాటింగ్ మీద పరిగెత్తినోణ్ణి.

కర్వ్‌బాల్ బావ:
టీవీలో చూసినోణ్ణా? ఇక్కడ కాలేజీ క్లబ్ టీమ్‌లో పిచింగ్ చేశాను నేను. భుజం నొప్పితో రాత్రిళ్ళు ఆ పక్కకి తిరిగి పడుకోలేకపోయేవాణ్ణి. మాట జాగ్రత్తగా రానివ్వండి.

టోలిచౌకి ఎక్స్‌ప్రెస్:
లోడ్ లోడ్ అంటుండ్రు, మా సిరాజ్ భాయ్‌ని మర్చిపోయిండ్రా? 2025ల ఇంగ్లండ్ల ఐదుకి ఐదు టెస్టులు ఆడిండు, 185.3 ఓవర్లు, 23 వికెట్లు. ఓవల్‌ల ఆఖరి పొద్దుగాల 6 రన్స్‌తోని గెలిపిచ్చిండు. బుమ్రా మూడే ఆడిండు. లోడ్ మేనేజ్‌మెంట్ అని ఇంత లొల్లి ఎందుకు, ఉరికేటోడు ఉరుకుతడు.

వర్జీనియా బెజవాడ:
బుమ్రా జోలికి రాకండి. 2022లో టీ20 వరల్డ్ కప్ పోయింది, 2023 మార్చిలో న్యూజిలాండ్‌లో వెన్ను సర్జరీ అయ్యింది, 2025 జనవరిలో సిడ్నీలో మళ్ళీ నడుం పట్టేసి చాంపియన్స్ ట్రోఫీ కూడా పోయింది. అట్లాంటి మనిషిని ఐదు టెస్టులు ఆడమంటే ఎట్లా? సిరాజ్ మీద నాకూ గౌరవమే, కానీ ఒకరి ఒళ్ళు చూపించి ఇంకొకరిని తిట్టడం న్యాయం కాదు.

టోలిచౌకి ఎక్స్‌ప్రెస్:
తిట్టింది ఎవరన్నా? మా పోరనికి రావాల్సిన పేరు రాలేదనే నా బాధ.

శాన్‌డియాగో తెలుగోడు:
అన్నలూ, సిరాజ్‌కి వేరే చర్చ పెట్టుకుందాం, నేనే పెడతా. మిల్లర్ సంగతి చెప్పండి.

పీటీ న్యూజెర్సీ:
నేను ఫిజికల్ థెరపిస్ట్‌ని, పిచర్ల మోచేతులు చూడటమే నా పని, కాస్త పొడుగైనా చదవండి. చెయ్యి వెనక్కి వెళ్ళి ముందుకి తిరిగే ఆ క్షణంలో మోచెయ్యి లోపలివైపు విపరీతంగా లాగుతుంది, ఆ లాగుడు యూసీఎల్ ఒక్కటే మొయ్యలేదు, ముంజేతి కండరాలు సగం పంచుకోబట్టే తెగకుండా ఉంటుంది. స్టార్టర్ అలిసిపోయి ఆరో ఇన్నింగ్‌లో వేస్తుంటే ఆ కండరాలు సరిగ్గా పనిచెయ్యవు, ఎక్కువ బరువు లిగమెంట్ మీదకొస్తుంది. రిలీవర్ అంతగా అలిసిపోడు కానీ ప్రతి బాలూ ప్రాణం పెట్టి వేస్తాడు, పైగా బుల్‌పెన్‌లో ఫోన్ మోగితే లేచి వార్మప్, కూర్చో అంటే కూర్చోవడం, మళ్ళీ లేవడం. కాబట్టి ఇది సేఫ్, అది డేంజర్ అని గీత గీసేవాళ్ళ మాట నమ్మొద్దు.

ఆ సర్జరీకి పేరొచ్చిన పిచర్ టామీ జాన్‌కి డాక్టర్ ఫ్రాంక్ జోబ్ 1974లో మణికట్టు దగ్గర స్నాయువు తీసి మోచేతిలో కట్టారు, ఆయన 1976లో తిరిగొచ్చి ఇంకా ఏళ్ళకేళ్ళు ఆడాడు, అది చూసి జనం సర్జరీ అంటే రిపేర్ అనుకుంటున్నారు. ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది, అందరూ ముందులా రారు. పిల్లల విషయంలో మాత్రం ఒకటి గట్టిగా చెప్తా. బర్మింగ్‌హామ్‌లో చేసిన స్టడీలో సర్జరీ దాకా వెళ్ళిన కుర్రాళ్ళని మిగతావాళ్ళతో పోల్చి చూశారు. ఏడాదిలో 8 నెలలకి మించి పిచ్ చేసినవాళ్ళకి ఆ ముప్పు 5 రెట్లు, చెయ్యి అలిసిపోయినా తరచూ వేసినవాళ్ళకి 36 రెట్లు. పదిహేనేళ్ళవాడికి స్టార్టా రిలీఫా అనేది తర్వాత, ముందు ఏడాదిలో నాలుగు నెలలు బాల్ విసరకుండా ఉంటున్నాడా అది అడగండి.

ఎడిసన్ యాంకీ:
క్రోషే కథ చెప్పేవాళ్ళకి మా యాంకీస్ పిచర్ జోబా చాంబర్లెయిన్ గుర్తులేడా? 2007లో బుల్‌పెన్ నుంచి వచ్చి ఊపేశాడు, 2008లో సీజన్ మధ్యలో స్టార్టర్ చేశారు, ఆగస్టులో టెక్సస్‌లో భుజం. 2009లో 31 స్టార్టులు ఇచ్చి, ఇన్నింగ్స్ లెక్కపెడుతూ మూడేసి ఇన్నింగ్స్‌కే తీసేయడం. 2010లో మళ్ళీ బుల్‌పెన్. 2011లో మోచెయ్యి తెగింది. అటూ ఇటూ తిప్పడమే వాణ్ణి చంపింది. ఏదో ఒకటి తేల్చుకుని అక్కడే ఉంచండి, ఇది నేను పదిహేనేళ్ళుగా మొత్తుకుంటున్నా.

అట్లాంటా చాప్:
తిప్పడం వల్ల కాదు, తొందర వల్ల. మా అట్లాంటా పిచర్ స్మోల్ట్జ్ 2000లో టామీ జాన్, 2002లో క్లోజర్‌గా 55 సేవ్స్ (ఆధిక్యం కాపాడి గేమ్ ముగించడం), 2005లో 38 ఏళ్ళకి మళ్ళీ స్టార్టరై 229 ఇన్నింగ్స్ వేశాడు. 200 గెలుపులూ 150 సేవ్స్ ఉన్నది చరిత్రలో ఆయనొక్కడికే.

ఎడిసన్ యాంకీ:
స్మోల్ట్జ్‌ని ఉదాహరణగా చూపిస్తే ఇక చర్చే అక్కర్లేదు. అట్లాంటివాళ్ళు ఎంతమంది పుడతారు?

బోస్టన్ బాబాయ్:
పీటీ గారూ, మీ మాట ప్రకారం రెండూ ప్రమాదమే అయితే రిలీవర్‌గా 60 ఇన్నింగ్స్ కన్నా స్టార్టర్‌గా 180 ఇన్నింగ్స్ టీమ్‌కి మేలు కదా? నా పాయింట్ అదే.

కర్వ్‌బాల్ బావ:
బాబాయ్, మీరు ఒక సంగతి వదిలేస్తున్నారు. క్రోషేని స్టార్టర్ చేసిన ఏడాది వైట్ సాక్స్ 121 గేములు ఓడింది. పోగొట్టుకోడానికి ఏమీ లేదు, అందుకే జులై నుంచి నాలుగు ఇన్నింగ్స్‌కే ఆపేస్తూ మెల్లగా నడిపించారు. పాడ్రేస్ ప్రతి ఏడూ గెలవాలని చూసే టీమ్, ఆగస్టులో డాడ్జర్స్‌తో పోటీ ఉంటే మిల్లర్‌ని నాలుగో ఇన్నింగ్‌లో ఎవరు దింపుతారు? పైగా వాడికి ఫాస్ట్‌బాల్, స్లైడర్ తప్ప నమ్మకంగా వేసే మూడో పిచ్ లేదు, అదే బ్యాటర్ మూడోసారి వచ్చేసరికి ఏం చూపిస్తాడు? నేనైతే క్లోజర్‌గానే ఉంచుతా.

గుంటూరు పేసర్:
ఈ పాయింట్ బాగుంది బావా. లోడ్ మెల్లగా పెంచాలంటే టీమ్‌కి ఓపిక ఉండాలని నేను మొదట్నించీ చెప్తోంది అదే.

డాలర్ లెక్క:
ఆటగాడి వైపు నుంచి ఎవరూ చూడరేంటి. క్రోషేకి ఆరేళ్ళకి 170 మిలియన్ డాలర్లు వచ్చాయి. రిలీవర్లలో రికార్డ్ అనుకున్న ఎడ్విన్ డియాజ్ కాంట్రాక్ట్ ఐదేళ్ళకి 102. చెయ్యి ఎలాగూ పోయేదే అయితే స్టార్టర్‌గానే పోనివ్వమంటా. వాషింగ్టన్ నేషనల్స్ పిచర్ స్ట్రాస్‌బర్గ్‌ని చూడండి, 2012లో 159 ఇన్నింగ్స్ దగ్గర ఆపేసి ప్లేఆఫ్స్ ఆడనివ్వలేదని నేషనల్స్‌ని తిట్టారు, 2019లో వరల్డ్ సిరీస్ (ఫైనల్) ఎంవీపీ (బెస్ట్ ప్లేయర్), 245 మిలియన్లు. ఆ తర్వాత ఒళ్ళు సహకరించక ఎనిమిది గేములే వేశాడు, నిజమే, కానీ కుటుంబం నిలబడింది.

పీటీ న్యూజెర్సీ:
"ఎలాగూ పోయేదే" అనే మాట నా ముందు అనకండి. పద్దెనిమిదేళ్ళ పిల్లలు రెండో సర్జరీకి వచ్చి నా టేబుల్ మీద ఏడుస్తుంటే చూశాను నేను.

ఫ్రిస్కో అమ్మ:
నా ప్రశ్న ఎవరూ చూడలేదు. క్యాచర్ రూల్ ఏంటండీ?

పీటీ న్యూజెర్సీ:
సారీ అక్కా. లిటిల్ లీగ్‌లో (పిల్లల బేస్‌బాల్ లీగ్) 41 లేదా ఎక్కువ పిచెస్ వేస్తే ఆ రోజు ఇక క్యాచింగ్ చెయ్యకూడదు, ఒక గేమ్‌లో నాలుగు ఇన్నింగ్స్ క్యాచింగ్ చేసినవాడు ఆ రోజు పిచ్ చెయ్యకూడదు. మీ బాబు వయసుకి రోజుకి 85 దాటకూడదు, ఒకే రోజు రెండు గేముల్లో వేయించకూడదు. 21 నుంచి 35 వేస్తే ఒక రోజు రెస్ట్ ఇవ్వాలి, 20 లోపల అయితే అక్కర్లేదు. 18 దగ్గర ఎందుకు ఆపుతున్నారో ఇప్పుడు అర్థమైందా?

ఫ్రిస్కో అమ్మ:
అర్థమైందమ్మా. కానీ మాది ట్రావెల్ టోర్నమెంట్, లిటిల్ లీగ్ కాదు, ఇక్కడ ఎవరి రూల్స్ వాళ్ళవి అంటాడు కోచ్.

పీటీ న్యూజెర్సీ:
టోర్నమెంట్ ఎవరిదైనా మోచెయ్యి మీ బాబుదే కదా అక్కా. డాక్టర్ గారి దగ్గర కాగితం మీద రాయించండి, వారానికి ఎన్ని బాల్స్, వార్మప్‌తో కలిపి, క్యాచింగ్ వద్దు అని. అది కోచ్‌కి ఈమెయిల్ చెయ్యండి. గేమ్ రోజు మీరే ఒక క్లిక్కర్ పట్టుకుని వార్మప్ దగ్గర్నించి లెక్కపెట్టండి, లెక్క దాటితే మీరే వెళ్ళి ఆపండి.

శాన్‌డియాగో తెలుగోడు:
ఇది మా వదినకి ఫార్వర్డ్ చేస్తున్నా. అన్నయ్య కొడుకు ఫాల్ బాల్ అయ్యీ అవగానే వింటర్ షోకేస్‌కి (స్కౌట్ల ముందు ఆడి చూపించే ఈవెంట్) రిజిస్టర్ అయ్యాడు, డబ్బు కూడా కట్టేశారు, అది వెనక్కి ఇస్తారా లేదా ఎవరికైనా తెలుసా?