డైటీషియన్ ఇంటర్న్‌షిప్: హైదరాబాద్ కార్పొరేట్ ఆస్పత్రిలోనా, మన జిల్లా ఆస్పత్రిలోనా?

రావులపాలెం అమ్మాయి

అందరికీ నమస్కారం. నేను ఎమ్మెస్సీ న్యూట్రిషన్ అండ్ డైటెటిక్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. పరీక్షలయ్యాక ఆరు నెలలు ఆస్పత్రిలో ఇంటర్న్‌షిప్ చేయాలి. రిజిస్టర్డ్ డైటీషియన్ (ఆర్డీ) పరీక్ష రాయాలంటే అది తప్పదు. నాకు రెండు దారులున్నాయి. ఒకటి హైదరాబాద్‌లో పెద్ద కార్పొరేట్ ఆస్పత్రి. వాళ్లు స్టైపెండ్ ఇవ్వరు, పైగా మన దగ్గరే ఫీజు కట్టించుకుంటారు. రెండోది ఇక్కడే, గోదావరి జిల్లాల్లోని ఒక ప్రభుత్వ ఆస్పత్రి. పొద్దున్నే బస్సెక్కితే గంటన్నరలో వార్డులో ఉంటాను.

మా కాలేజీ మేడం హైదరాబాదే వెళ్లమంటున్నారు. సర్టిఫికెట్ మీద పెద్ద ఆస్పత్రి పేరు లేకపోతే ఇంటర్వ్యూకి కూడా పిలవరట. నాన్నగారిది అరటి గెలల వ్యాపారం. ఫీజు సంగతి నువ్వు చూడకు అంటున్నారు. నాకే మనసు ఒప్పడం లేదు. ఎందుకో చెప్తాను.

కిందటి వేసవిలో 15 రోజులు ఒక ప్రైవేట్ ఆస్పత్రికి అబ్జర్వేషన్‌కి వెళ్లాం. మాకు అక్కడ అప్పజెప్పిన పని ఒకటే. ప్రింట్ కొట్టి ఉంచిన డైట్ షీట్ మీద పేషెంట్ పేరు, వయసు, బరువు నింపి ఇవ్వడం. ఉదయం ఓట్స్, 11కి గ్రీన్ టీ, మధ్యాహ్నం బ్రౌన్ రైస్, రాత్రికి సూపు, సలాడ్. ఒకరోజు ముమ్మిడివరం వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. కొబ్బరి దింపు పని చేస్తారు. షుగర్ 300 దాటింది. షీట్ చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మాయ్, నేను పొద్దున్నే ఐదింటికల్లా చెట్టెక్కాలి. చద్దన్నం తినొచ్చా తినకూడదా, అదొక్కటి చెప్పు చాలు" అన్నారు. షీట్‌లో చద్దన్నం లేదు. నాకూ ఏం చెప్పాలో తెలియలేదు. మేడం వేరే రూములో ఉన్నారు. ఆయన షీట్ నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. అన్నం మానేయమన్నామనుకుని, మాత్ర వేసుకుని ఖాళీ కడుపుతో చెట్టెక్కితే ఆయన ఏమవుతారు? ఈ ఆలోచన నాకు రాత్రి హాస్టల్‌కి వచ్చాక గానీ తట్టలేదు. ఆ టెన్షన్ ఇప్పటికీ పోలేదు.

ఈ పని తెలిసినవాళ్లు చెప్పండి. నేను ఎక్కడ నేర్చుకోవాలి?

భీమవరం నుంచి, ప్రస్తుతం హైదరాబాద్

అక్కా, నేను కార్పొరేట్ ఆస్పత్రిలో ఇంటర్న్‌ని. ఇది నాలుగో నెల. ఇక్కడికే రమ్మంటాను.

నీకు జరిగింది ఆ ఆస్పత్రి తప్పు. పెద్ద ఆస్పత్రులన్నీ అలా ఉండవు. మాకు రోజూ ఉదయం డాక్టర్లతో పాటు ఐసీయూ రౌండ్స్ ఉంటాయి. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకి ముక్కు గొట్టం ద్వారా ఎంత ఫీడ్ ఇవ్వాలి, ఏ వేగంతో మొదలుపెట్టాలి, పొట్టలో నిలిచిపోతుంటే ఏం చేయాలి, ఇవన్నీ కళ్ల ముందు చూస్తున్నాను. కాలేయ మార్పిడి వార్డు ఉంది, కాలిన గాయాల వార్డు ఉంది, మూర్ఛ ఉన్న పిల్లలకి కీటోజెనిక్ డైట్ (కొవ్వు ఎక్కువ, పిండి పదార్థం బాగా తక్కువ ఉండే ఆహారం) పెట్టే యూనిట్ ఉంది. చాలా రోజులు తిండి లేకుండా ఉన్న మనిషికి ఒక్కసారిగా పూర్తి ఆహారం ఎక్కిస్తే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి ప్రాణం మీదకి వస్తుందని పుస్తకంలో చదివాను. అలాంటి పేషెంట్ దగ్గర మా సీనియర్ కేలరీలు కొద్దికొద్దిగా పెంచుతూ, రోజూ రిపోర్టులు చూస్తూ ఐదు రోజులు పడిన కష్టం చూశాకే అది నా బుర్రకెక్కింది. మన జిల్లాలో ఇది ఎక్కడ చూస్తావు? ఉద్యోగం కోసం మాత్రమే కాదు, పని రావాలన్నా ఇక్కడికి రావాలి.

డయాలసిస్ డైటీషియన్, కోనసీమ

చెల్లెమ్మా, భీమవరం అమ్మాయి చెప్పింది అబద్ధం కాదు. నేనూ హైదరాబాద్‌లోనే ఇంటర్న్‌షిప్ చేసి, అక్కడే మూడేళ్లు ఉద్యోగం చేసి ఇక్కడికొచ్చాను. లెక్కలు అక్కడ నేర్చుకున్నాను. కానీ ఇక్కడికొచ్చిన మొదటి ఆరు నెలలు నా లెక్కలు పేషెంట్ల ఇంటి గుమ్మం దాటలేదు.

ఒక్క మనిషి సంగతి చెప్తాను. వారానికి రెండుసార్లు డయాలసిస్. ప్రతి సోమవారం రక్తంలో పొటాషియం 6 దాటి వచ్చేది. ఆ స్థాయిలో గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుంది. నేను ఛార్ట్‌లో అన్నీ రాసిచ్చాను. అరటిపండు వద్దు, కొబ్బరినీళ్లు వద్దు, పండ్ల రసాలు వద్దు. ఆయన ప్రతిసారీ "ఆయ్, మానేశానండి" అనేవారు. భార్య కూడా అదే మాట. నాకు వాళ్ల మీద కోపం వచ్చేది. ఒకసారి మా దగ్గరికి వచ్చిన స్టూడెంట్ ఒకమ్మాయి ఛార్ట్ పక్కన పెట్టి, మంచం పక్కన స్టూల్ వేసుకుని కూర్చుంది. "బాబాయ్ గారూ, ఆదివారం పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేశారో చెప్పండి" అంది. ఆ పిల్లది అంబాజీపేట దగ్గర ఊరు. ఆయన చెప్పుకుంటూ వెళ్లారు. చక్కెరకేళి మానేశారు, ఎందుకంటే ఆయన దృష్టిలో అరటిపండంటే అదే. అమృతపాణి అరటి మాత్రం రోజూ తింటున్నారు. కొబ్బరినీళ్లు కొనుక్కుని తాగడం మానేశారు. కానీ ఒంట్లో బాగోలేదని చూడ్డానికి వచ్చిన చుట్టాలు బొండాలు పట్టుకొస్తారు. వాళ్లు కొట్టి చేతికిచ్చాక తాగకపోతే ఏం బాగుంటుంది? ఆదివారం చుట్టాలొచ్చే రోజు. సోమవారం రిపోర్టు అందుకే అలా ఉండేది.

మూడు నెలలుగా నాకు దొరకనిది ఆ పిల్లకి పావుగంటలో దొరికింది. తన ఇంట్లోనూ అదే మర్యాద కాబట్టి ఏం అడగాలో తెలిసింది.

ఇంకోటి. కిడ్నీ జబ్బు ఉండి డయాలసిస్ మొదలవని షుగర్ పేషెంట్‌కి కిలో బరువుకి 0.6 నుంచి 0.8 గ్రాముల ప్రోటీన్ చాలంటాం. డయాలసిస్ మొదలయ్యాక 1.0 నుంచి 1.2 గ్రాములు కావాలి. 60 కిలోల మనిషికి రోజుకి 36–48 గ్రాములున్నది 60–72 గ్రాములకి పెరుగుతుంది. కాగితం మీద ఇది ఒక్క లైను. ఇంట్లో అయితే "మొన్నటిదాకా పప్పూ గుడ్డూ తగ్గించమని చంపుకుతిని, ఇప్పుడు రోజూ తినమంటారేంటి?" అని మా మొహాన్నే అడుగుతారు. దానికి జవాబు వాళ్ల భాషలో, వాళ్ల వంటింటి లెక్కలో చెప్పడం వార్డులోనే వస్తుంది. కందముక్కల్లో పొటాషియం తగ్గాలంటే ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోయాలని నేను ఎంత చెప్పినా ఎక్కేది కాదు. "గంజి వార్చినట్టు వార్చెయ్యండి" అన్న రోజున అర్థమైంది.

నీ దింపు పెద్దాయన అడిగినదానికి కూడా జవాబుంది. ముందు ఏ మాత్ర వాడుతున్నారో చూడాలి. గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ తగ్గించే మాత్ర వేసుకుని ఏమీ తినకుండా చెట్టెక్కితే షుగర్ పడిపోయి చెట్టు మీదే కళ్లు తిరగొచ్చు. కాబట్టి తినే ఎక్కాలి. చద్దన్నం తినొచ్చు, ఎంత అన్నదే ప్రశ్న. వాళ్లింటి గరిటెతో ఎన్ని గరిటెలో చెప్పి, పెరుగుతో పాటు ఒక గుడ్డో గుప్పెడు ఉడికించిన శనగలో చేర్చాలి. జేబులో ఎప్పుడూ కాస్త పంచదార పొట్లం ఉండాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) 2017లో వేసిన ఆహార పట్టికల్లో 528 పదార్థాలున్నాయి, నేను రోజూ వాడతాను. కానీ అవి ఎక్కువగా పచ్చి సరుకుల లెక్కలు. ఆ ఇంటి గరిటె ఎంత పడుతుందో నువ్వే నీళ్లు పోసి కొలవాలి.

వార్డు నర్సు, పశ్చిమ గోదావరి

పై మేడం గారు చెప్పింది బాగుంది గానీ, ఆవిడ అక్కడ ఉన్నారు కాబట్టి ఆ స్టూడెంట్ నేర్చుకుంది. మా లాంటి ఆస్పత్రుల్లో నేర్పే మనిషి ఎవరండీ?

నేను 19 ఏళ్లుగా ప్రభుత్వ ఆస్పత్రిలో చేస్తున్నాను. ఇన్నేళ్లలో నేను పనిచేసిన మూడు చోట్లా కలిపి డైటీషియన్‌ని చూసింది ఒక్కచోటే. భోజనం కాంట్రాక్టర్ పంపిస్తాడు. షుగర్ పేషెంట్‌కి, బాలింతకి, కాలు విరిగిన కుర్రాడికి ఒకటే అన్నం, ఒకటే సాంబారు. కాలేజీల నుంచి పిల్లలు వస్తారు, వారం రోజులు గోడకి ఆనుకుని నిలబడతారు, సంతకం పెట్టించుకుని వెళ్లిపోతారు. ఊరు మనదైనంత మాత్రాన చదువు వచ్చేయదు.

అయితే ఒకటి మాత్రం కళ్లారా చూశాను. తీవ్ర పోషకాహార లోపం ఉన్న చిన్నపిల్లల్ని ఉంచే కేంద్రంలో కొన్నాళ్లు చేశాను. మొదటి దశలో ఆ పిల్లలకి ఎఫ్-75 పాలు పట్టాలి. 100 మి.లీ.కి 75 కేలరీలే ఉంటాయి, పిల్లాడి ఒళ్లు అంతకు మించి తట్టుకోలేదు. రెండేసి గంటలకి ఒకసారి, రాత్రిళ్లు కూడా, కప్పుతోనో చెంచాతోనో. సీసా వాడకూడదు. తేరుకున్నాక నెమ్మదిగా ఇంకా ఎక్కువ కేలరీలుండే ఎఫ్-100 పాలకి మారుస్తారు. ఒక స్టూడెంట్ రాత్రి డ్యూటీ అడిగి మరీ వేయించుకుంది. రెండింటికి బిడ్డ పట్టిన పాలన్నీ కక్కేశాడు. తల్లి ఏడుపు. ఈ అమ్మాయి ఎంత కక్కాడో అంచనా వేసి రాసింది. కాస్త ఆగి మళ్లీ చెంచాతో మొదలుపెట్టింది. నాలుగింటికి తల్లి చేతే పట్టించింది. ఆ అమ్మాయికి మా పిల్లల డాక్టర్ గారు రోజూ అరగంట కూర్చోబెట్టి చెప్పేవారు. ఆయన బదిలీ అయ్యాక వచ్చిన బ్యాచ్‌కి అదీ లేదు. వాళ్లు మళ్లీ గోడకే.

ఒక తండ్రి, తణుకు

మా అమ్మాయి కూడా ఈ కోర్సే. నాకు ఒక్క సంగతి మింగుడు పడటం లేదు. ఎంబీబీఎస్ పిల్లలకి హౌస్ సర్జన్సీలో స్టైపెండ్ ఇస్తారు. వీళ్లు అదే ఆస్పత్రిలో పొద్దుట ఎనిమిదింటి నుంచి సాయంత్రం దాకా పని చేస్తూ ఎదురు డబ్బు కట్టాలా? 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో డైటీషియన్లను కూడా చేర్చారు. వృత్తిగా గుర్తించినప్పుడు శిక్షణకీ ఒక పద్ధతి, ఒక భృతి ఉండాలి కదా. అమెరికాలో డైటీషియన్ కావాలంటే పర్యవేక్షణలో కనీసం 1,000 గంటలు చేయాలని మా మేనకోడలు చెప్పింది. రోజుకి ఎనిమిది గంటల చొప్పున మన ఆరు నెలలు అంతకు తక్కువేం కాదు. గంటలు మనకీ ఉన్నాయి. పక్కనుండి చూసే మనిషే కరువు.

భీమవరం నుంచి, ప్రస్తుతం హైదరాబాద్

బాబాయ్ గారూ, ఫీజు సంగతిలో మీ బాధ నాకు తెలుసు, మా నాన్న కూడా అప్పు చేసి కట్టారు. కానీ మా సీనియర్ తన పని ఆపుకుని నా కేస్ షీట్లు వరసగా దిద్దుతుంది. ఆ టైముకి ఆస్పత్రి ఏదో ఒకటి అడుగుతుంది. ఫీజు ఎంత అనే దగ్గర గొడవ పడదాం, కానీ ఉచితంగా గోడకి నిలబడే దానికన్నా డబ్బు కట్టి నేర్చుకోవడమే మేలనిపిస్తుంది.

డయాలసిస్ మేడం గారు చెప్పిన అమృతపాణి మాట మాత్రం నన్ను పట్టుకుంది. ఈరోజు మా వార్డులో పాలకొల్లు పేషెంట్ ఒకాయన ఉన్నారు. వెళ్లి ఆయన ఆదివారం గురించి అడిగాను. ఛార్ట్‌లో ఎక్కడా లేని ఎండుచేపల పులుసు బయటపడింది. ఆయనకి బీపీ, కాళ్ల వాపులు. మూడు రోజులుగా ఉప్పు తగ్గించమని మేం చెప్తూనే ఉన్నాం. ఎండుచేపలో ఉప్పు ఉంటుందని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

డయాలసిస్ డైటీషియన్, కోనసీమ

నర్సు గారు చెప్పిన మాట నేను కాదనలేను. నా పోస్టులో ఆ సంగతి వదిలేశాను, తప్పే. చెల్లెమ్మా, ఎక్కడైనా సరే చేరే ముందు ఆస్పత్రి పేరు కన్నా ముందు అక్కడ డైటీషియన్ ఉన్నారా, రోజూ ఎంతసేపు నీతో కూర్చుంటారు, నీ కేస్ షీట్ దిద్ది సంతకం పెట్టేదెవరు అని అడుగు. ఆ ఇంటర్న్‌షిప్ నీ ఆర్డీ పరీక్షకి చెల్లుతుందో లేదో కూడా ముందే రాతపూర్వకంగా తెప్పించుకో. నోటిమాట నమ్మి చేరొద్దు, తర్వాత ఆరు నెలలూ వృథా అయి ఏడ్చిన పిల్లల్ని చూశాను. మీ కాలేజీ ఒప్పుకుంటే నాలుగు నెలలు పెద్ద ఆస్పత్రిలో, రెండు నెలలు ఇక్కడ. వీలైతే ఇక్కడి రెండు నెలలే ముందు. పేషెంటుతో మాట్లాడటం వచ్చి వెళ్తే అక్కడ ఐసీయూలో కూడా నీకు మంచం మీద మనిషి కనిపిస్తాడు.

రావులపాలెం అమ్మాయి

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారని అనుకోలేదు. కాలేజీలో అడిగాను. రెండు చోట్లకి విడగొట్టడం మీద ప్రిన్సిపాల్ గారు ఇంకా ఏమీ తేల్చలేదు, సోమవారం మళ్లీ రమ్మన్నారు. పరీక్షకి చెల్లుతుందా అని ఉత్తరం కూడా రాశాను.

పెద్దాయన ఫోన్ నంబర్ ఆ ఆస్పత్రి రిజిస్టర్‌లో ఉంటుంది గానీ నాకివ్వరు. ముమ్మిడివరంలో మా పిన్ని వాళ్లున్నారు. దింపు వాళ్లని అడిగి కనుక్కోమన్నాను. దొరికితే ముందు ఆయనకి పంచదార పొట్లం సంగతి చెప్పాలి.

నర్సమ్మ గారూ, ఈ లోపు ఒక వారం మీ ఆస్పత్రికి రావచ్చా? సర్టిఫికెట్ ఏమీ వద్దు. పేషెంట్లకి భోజనం ఎన్నింటికి వస్తుంది?

వార్డు నర్సు, పశ్చిమ గోదావరి

సూపరింటెండెంట్ గారి అనుమతి కావాలమ్మా, నీ కాలేజీ లెటర్ పట్టుకురా, నేను దగ్గరుండి మాట్లాడతాను. భోజనం బండి పన్నెండున్నరకి వస్తుంది. నువ్వు పదకొండింటికల్లా వచ్చి, ఇంటి నుంచి క్యారేజీలు తెచ్చుకునే వాళ్ల దగ్గర కూర్చో. మూత తీసేటప్పుడు చూడు.