బ్యాట్‌మ్యాన్ కామిక్స్: ‘ఇయర్ వన్’తో మొదలుపెట్టాలా, ‘కోర్ట్ ఆఫ్ ఔల్స్’తోనా?

కొత్తపాఠకుడు:
బ్యాట్‌మ్యాన్ సినిమాలన్నీ చూశాను, కామిక్స్ మాత్రం ఒక్కటీ చదవలేదు. ఎవర్ని అడిగినా రెండే పేర్లు చెబుతున్నారు. ఒకటి 1987లో వచ్చిన ‘ఇయర్ వన్’, రెండోది 2011లో మొదలైన ‘కోర్ట్ ఆఫ్ ఔల్స్’. ముందు ఏది? 1939 నుంచి నడుస్తున్న కథ కదా, వెనక జరిగింది తెలియకుండా మధ్యలో దూరితే అర్థమవుతుందా? అచ్చు పుస్తకమైనా ట్యాబ్ అయినా నాకు ఒకటే. కథ బయటపెట్టకుండా చెప్పండి.

పాతసంచిక:
ముందు ఆ 1939 బెంగ వదిలేయండి. బ్యాట్‌మ్యాన్ మొదటిసారి కనిపించిన ‘డిటెక్టివ్ కామిక్స్’ 27వ ఇష్యూ దగ్గర్నుంచి వరసపెట్టి చదవాల్సిన పని ఎవరికీ లేదు. 1985-86లో ప్రచురణ సంస్థ డీసీ తన కథల ప్రపంచం మొత్తాన్ని చెరిపేసి కొత్తగా మొదలుపెట్టింది. ఆ కొత్త ప్రపంచంలో బ్యాట్‌మ్యాన్ ఎలా తయారయ్యాడో చెప్పడానికి రాసిందే ‘ఇయర్ వన్’. ‘బ్యాట్‌మ్యాన్’ పత్రిక 404 నుంచి 407 దాకా, నాలుగే ఇష్యూలు. రచన ఫ్రాంక్ మిల్లర్, బొమ్మలు డేవిడ్ మజుకెల్లి. ఒక సాయంత్రంలో అయిపోతుంది.

మొదటి పేజీ చూడండి. జనవరి 4. పోలీసు అధికారి గార్డన్ రైల్లో గోథమ్ నగరానికి వస్తున్నాడు, బ్రూస్ (ముందుముందు బ్యాట్‌మ్యాన్ అయ్యేవాడు) విమానంలో దిగుతున్నాడు. ఈ ఊరికి రైల్లో రాకూడదు అనుకుంటాడు గార్డన్. రైల్లో రావాల్సింది, శత్రువును దగ్గర్నుంచి చూసేవాణ్ణి అనుకుంటాడు బ్రూస్. ఆ ఒక్క పేజీతో ఇద్దరూ ఎలాంటివాళ్లో తెలిసిపోతుంది. పైగా ఇద్దరి ఆలోచనలూ రెండు రకాల చేతిరాతల్లో ఉంటాయి. లెటరింగ్, అంటే ఆ అక్షరాలు రాసింది టాడ్ క్లైన్. బ్రూస్‌ది గొలుసుకట్టు రాత, కాబట్టి ఆ పెట్టెలో మాటలు ఎవరివో వెతుక్కోనక్కర్లేదు. కామిక్ చదవడం అలవాటు లేనివాళ్లకి ఇది పెద్ద సాయం. ముందుగా తెలిసి ఉండాల్సిన విషయం ఒక్కటీ లేదు.

రాత్రికాపలా:
‘ఇయర్ వన్’ గొప్ప పుస్తకమే, అందులో వాదన లేదు. మొదటి పుస్తకంగా ఇవ్వడం మాత్రం సరికాదని నా అభిప్రాయం. అది సగానికి పైగా గార్డన్ కథ. లంచగొండి పోలీసులు, గార్డన్ సంసారం, ఉద్యోగంలో ఇరకాటాలు. ముసుగేసుకున్న పెద్ద విలన్ లేడు, రాబిన్ లేడు, బ్యాట్‌మొబైల్ లేదు. సినిమాలు చూసి వచ్చినవాళ్లు వెతుక్కునే బ్యాట్‌మ్యాన్ అందులో ఇంకా తయారవుతూ ఉంటాడు.

స్కాట్ స్నైడర్, గ్రెగ్ కపులో చేసిన ‘కోర్ట్ ఆఫ్ ఔల్స్’ అలా కాదు. 2011 సెప్టెంబర్‌లో డీసీ తన పత్రికలన్నిటినీ మళ్లీ ఒకటో నంబర్ నుంచి మొదలుపెట్టినప్పుడు వచ్చింది, అంటే కొత్త పాఠకుల కోసమే రాశారు. మొదటి ఇష్యూలో ఒక విందు జరుగుతుంది. బ్రూస్ కంట్లో పెట్టుకున్న లెన్స్ ఎదుట ఉన్నవాళ్ల ముఖాలు గుర్తుపట్టి పేర్లు చూపిస్తుంటుంది. బ్యాట్‌మ్యాన్ సహచరుడు రాబిన్‌గా పనిచేసిన డిక్, టిమ్, డేమియన్ ఎవరెవరో పాఠకుడికి అలాగే పరిచయం అవుతుంది. కథలో అసలు ప్రశ్న కూడా సూటిగా ఉంటుంది. గోథమ్‌లో తనకు తెలియని మూల లేదనుకునే మనిషికి, ఊళ్లో వందల ఏళ్లుగా ఒక రహస్య కూటమి ఉందని తెలిస్తే ఏమవుతుంది?

ఐదో ఇష్యూ గురించి ఒక జాగ్రత్త. అందులో బ్యాట్‌మ్యాన్ ఒక చిక్కుదారిలో ఇరుక్కుని, తిండీ నిద్రా లేక మతి చలిస్తున్నప్పుడు పేజీలు కూడా పక్కకి తిరుగుతాయి, తర్వాత తలకిందులవుతాయి. ప్రింటింగ్ తప్పు కాదు, పుస్తకాన్ని చేతుల్లో తిప్పుతూ చదవాలి. ట్యాబ్‌లో అయితే ఆటో రొటేషన్ ఆపేయండి. ఆపకపోతే మీరు తిప్పినప్పుడల్లా పేజీ కూడా తిరిగి నిటారుగా నిలబడుతుంది, చదవడం కుదరదు. ఒక్కో ప్యానెల్‌నీ (బొమ్మ గడినీ) విడిగా పెద్దది చేసి చూపించే సౌకర్యం కూడా ఆ ఇష్యూకి పనికిరాదు. పేజీని పేజీగా చూడాల్సిందే.

పాతసంచిక:
» కొత్త పాఠకుల కోసమే రాశారు

పేర్లు తెలిస్తే సరిపోతుందా రాత్రికాపలా గారూ? ఆ 2011 ప్రపంచం లెక్క ప్రకారం బ్యాట్‌మ్యాన్ వచ్చి సుమారు ఐదేళ్లే అయింది. ఆ ఐదేళ్లలోనే డిక్, జేసన్, టిమ్, డేమియన్ అని నలుగురు రాబిన్‌లు. డేమియన్‌కి పదేళ్లు, బ్రూస్‌కి సొంత కొడుకు. ఈ పిల్లాడు ఎక్కడ్నుంచి వచ్చాడు, వాళ్లమ్మ ఎవరు అనేది అందులో ఉండదు. అది 2006లో గ్రాంట్ మోరిసన్ మొదలుపెట్టిన వరసలో ఉంది. అంతా కొత్తగా మొదలుపెట్టామన్నారు గానీ బ్యాట్‌మ్యాన్ విషయంలో పాత చరిత్రను చాలావరకు అలాగే ఉంచేశారు. బుద్ధిగా ఆలోచిస్తూ చదివే కొత్త పాఠకుడు ఆగిపోయేది సరిగ్గా అక్కడే.

రాత్రికాపలా:
ఆ లెక్క కుదరదన్నది నిజం. కానీ ఈ కథకి ఆ లెక్కతో పనేముంది? డేమియన్ తల్లి ఎవరో తెలియకపోయినా ఆ చిక్కుదారి భయం తగ్గదు. కథకు నిజంగా కావాల్సింది డిక్ గ్రేసన్ ఒక్కడే. అతను సర్కస్ నుంచి వచ్చిన మొదటి రాబిన్, ఇప్పుడు నైట్‌వింగ్ అనే పేరుతో తిరుగుతాడు. అంత తెలిస్తే చాలు.

ఇంకుమరక:
ఇద్దరూ ఒక విషయం వదిలేశారు. ఏ పుస్తకం దగ్గర కథ పూర్తవుతుంది? ‘ఇయర్ వన్’ ఒక్క పుస్తకం, కొంటే అయిపోయింది. ‘కోర్ట్ ఆఫ్ ఔల్స్’ పేరుతో దొరికే మొదటి సంపుటిలో 1 నుంచి 7 ఇష్యూలే ఉంటాయి. కథ సగంలో ఉంటుంది. మిగతాది ‘సిటీ ఆఫ్ ఔల్స్’ అనే రెండో సంపుటిలో. అది తెలియక ఒక్కటి కొన్నవాళ్లు ముగింపు లేదని తిట్టుకుంటారు. రెండూ కలిపి తీసుకోండి, లేదా 1 నుంచి 11 దాకా ఒకే చోట వేసిన ‘కోర్ట్ ఆఫ్ ఔల్స్ సాగా’ ఎడిషన్ దొరుకుతుందేమో చూడండి. మధ్యలో ‘నైట్ ఆఫ్ ది ఔల్స్’ అని నైట్‌వింగ్, బ్యాట్‌గర్ల్ లాంటి వేరే పత్రికల్లోకి కూడా కథ పాకింది. వాటిని కొనకండి. అసలు పత్రిక ఒక్కటే చదివినా ఏమీ తెగిపోదు.

సంపుటి నంబర్ చూసి మోసపోవద్దు. ‘బ్యాట్‌మ్యాన్ వాల్యూమ్ 1’ అని వెతికితే 2011 నాటి స్నైడర్‌దీ వస్తుంది, 2016లో టామ్ కింగ్ రాసిన ‘ఐ యామ్ గోథమ్’ కూడా వస్తుంది. 2025లో ఈ పత్రిక ఇంకోసారి ఒకటో నంబర్ నుంచి మొదలైంది. వాల్యూమ్ 1 అంటే ఆ రచయితకి ఒకటి, అంతే. నమ్మాల్సింది కాపీరైట్ పేజీలో చిన్న అక్షరాలతో ఉండే లైను. ఏ పత్రిక, ఏ ఇష్యూలు, ఏ సంవత్సరం అనేది అక్కడ ఉంటుంది. ఆన్‌లైన్‌లో కొంటుంటే రచయిత పేరు, ఐఎస్‌బీఎన్ రెండూ సరిచూసుకోండి. ధర మరీ తక్కువగా ఉంటే నకిలీ ప్రింటేమోనని అనుమానించండి. వాటిలో రంగులు అలుక్కుపోయి ఉంటాయి, బైండింగ్ దగ్గర డైలాగ్ బుడగలు తెగిపోతాయి.

నాలుగోఅంతస్తు:
రెండూ కాదంటాను. 2024 అక్టోబర్‌లో మొదలైన ‘అబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్’ తీసుకోండి. రచన స్నైడరే, బొమ్మలు నిక్ డ్రగాటా. పూర్తిగా వేరే ప్రపంచం, పాత కథతో ముడి లేదు. ఇందులో బ్రూస్‌కి డబ్బు లేదు, భవంతి లేదు. సిటీకి పనిచేసే ఇంజినీరు. నలభై ఏళ్ల నాటి పుస్తకం కంటే ఈ రోజు అందరూ మాట్లాడుకుంటున్న పుస్తకంతో మొదలుపెడితే పక్కవాళ్లతో మాట్లాడుకుంటూ చదవొచ్చు.

పాతసంచిక:
నాలుగోఅంతస్తు గారూ, ఆ పుస్తకంలో మజా అంతా అసలు బ్యాట్‌మ్యాన్ తెలిసి ఉండటంలోనే ఉంది. బ్రూస్ చిన్ననాటి స్నేహితులుగా ఆస్వాల్డ్, హార్వీ, ఎడ్వర్డ్, వేలన్, సెలీనా కనిపిస్తారు. అసలు కథలో వీళ్లు బ్యాట్‌మ్యాన్‌కి ఎదురు నిలిచేవాళ్లు, అందుకే ఆ పేర్లు వినగానే గుండె గుభేల్‌మనాలి. తెలియనివాళ్లకి వాళ్లు ఉత్త ఐదుగురు స్నేహితులు. మూల రాగం వినకుండా మార్పులు వింటే ఏం రుచి?

నాలుగోఅంతస్తు:
ఆయన సినిమాలన్నీ చూశానన్నారు కదండీ. హార్వీ ఎవరో, ఆస్వాల్డ్ ఎవరో తెలియదంటారా? ఆ మాత్రం సరిపోతుంది.

డల్లాస్_కృష్ణ:
అమెరికాలో ఉన్నవాళ్లు కొనేముందు మీ ఊరి పబ్లిక్ లైబ్రరీ కార్డుతో డిజిటల్ పుస్తకాలు అరువిచ్చే హూప్లా, లిబ్బీ యాప్‌లు చూడండి. మీ లైబ్రరీ హూప్లా ఇస్తుంటే డీసీ సంపుటాలు అక్కడ బోలెడు, వెయిటింగ్ ఉండదు, నెలకి ఇన్ని అని పరిమితి మాత్రం ఉంటుంది. కొనేవాళ్లకి 2024 నుంచి డీసీ ‘కాంపాక్ట్’ సైజులో 9.99 డాలర్లకి వేస్తోంది, ‘కోర్ట్ ఆఫ్ ఔల్స్’ అందులో ఉంది. సైజు ఐదున్నర బై ఎనిమిదిన్నర అంగుళాలు. మామూలు కామిక్ కంటే బాగా చిన్నది, అక్షరాలు కూడా చిన్నవే. చత్వారం ఉన్నవాళ్లు ముందు ఒకసారి చేతిలోకి తీసుకుని చూడటం మేలు.

కొత్తపాఠకుడు:
రెండు ప్రశ్నలు. ‘ఇయర్ వన్’కి ఏ ఎడిషన్ మంచిది? ‘కిల్లింగ్ జోక్’ సన్నదే, అదీ ‘డార్క్ నైట్ రిటర్న్స్’ కూడా పేరున్నవే. వాటిని ఎవరూ చెప్పలేదేం?

ఇంకుమరక:
మామూలు పేపర్‌బ్యాక్ చాలు. 1987లో న్యూస్‌ప్రింట్ మీద ఒక రకం రంగులతో వచ్చింది, తర్వాత పుస్తకంగా వేసేటప్పుడు మొదట రంగులు వేసిన రిచ్‌మండ్ లూయిస్ తానే మళ్లీ చేతితో రంగులు వేశారు. ఆ మసకబారిన గోధుమ, బూడిద రంగులే ఈ పుస్తకానికి ప్రాణం. 2012 డీలక్స్ ఎడిషన్‌లో రంగులు అచ్చయిన తీరు మీద మజుకెల్లి స్వయంగా బహిరంగంగా అభ్యంతరం చెప్పారు, కాబట్టి అట్ట గట్టిగా ఉందని దానికి ఎక్కువ పెట్టకండి. నలుపు-తెలుపు కిండిల్‌లో మాత్రం అస్సలు చదవొద్దు, సగం పుస్తకం పోతుంది. కనీసం పది అంగుళాల రంగుల ట్యాబ్ కావాలి.

రాత్రికాపలా:
రెండో ప్రశ్నకి నేను చెబుతాను, ఇందులో పాతసంచిక గారికీ నాకూ తేడా ఉండదనుకుంటా. ‘డార్క్ నైట్ రిటర్న్స్’ 1986 నాటిది. పదేళ్ల క్రితం ముసుగు తీసేసిన 55 ఏళ్ల మనిషి మళ్లీ బయటికి రావడం. అది ముగింపు కథ. మొదలు తెలియకుండా ముగింపు బరువు అందదు. పైగా పేజీకి పదహారు గళ్ల చట్రం మీద కట్టిన పుస్తకం, చిన్న చిన్న టీవీ తెరల్లో వార్తలు నడుస్తుంటాయి. కామిక్ చదవడం అలవాటు కాని కన్ను త్వరగా అలిసిపోతుంది. ‘కిల్లింగ్ జోక్’ 1988. అందులో గార్డన్ కూతురు బార్బరాకి జరిగేది చాలా క్రూరం. ఆ అమ్మాయి ఎవరో, ఏం చేసేదో తెలియకుండా చదివితే ఆ దెబ్బ జోకర్ చేసిన ఒక పనిగా మాత్రమే మిగిలిపోతుంది. సన్నగా ఉంది కదా అని మొదట దాన్ని చేతికివ్వడం ఆ పాత్రకి అన్యాయం. పిల్లలకి ఎలాగూ ఇవ్వకూడదు.

సీతాకోక:
పిల్లల మాట వచ్చింది కాబట్టి. పదేళ్ల పిల్లలకి పైన చెప్పినవేవీ వద్దు. 1992లో యానిమేషన్ సీరియల్ ఆధారంగా మొదలైన ‘బ్యాట్‌మ్యాన్ అడ్వెంచర్స్’ ఇవ్వండి, దాదాపు ప్రతి ఇష్యూ విడి కథ, గీతలు శుభ్రంగా ఉంటాయి. ఫోన్ ఒక్కటే ఉంటే కామిక్స్ యాప్ వెబ్‌టూన్‌లో ‘వేన్ ఫ్యామిలీ అడ్వెంచర్స్’ ఉంది. నిలువుగా జరుపుకుంటూ చదివేలా గీసింది, నలుగురు రాబిన్‌ల గొడవ కూడా నవ్వుతూ తెలిసిపోతుంది.

కొత్తపాఠకుడు:
‘ఇయర్ వన్’ ఆర్డర్ పెడుతున్నాను. దాని తర్వాత నేరుగా ‘కోర్ట్ ఆఫ్ ఔల్స్’కి వెళ్తే రెండింటికీ పొత్తు కుదురుతుందా?

పాతసంచిక:
మధ్యలో ‘లాంగ్ హాలోవీన్’ పెట్టుకోండి. 1996-97లో 13 ఇష్యూలు, జెఫ్ లోబ్, టిమ్ సేల్. ‘ఇయర్ వన్’లో క్యాట్‌వుమన్ మాఫియా నాయకుడు ఫాల్కోనీ మొహం గీరేస్తుంది, ఆ గీతలు ఇందులో అతని చెంప మీద ఇంకా ఉంటాయి. అంత దగ్గరి కొనసాగింపు. నెలకో పండుగ రోజున ఒక హత్య, చేసేదెవరన్నది చివరిదాకా లాగుతుంది. హార్వీ డెంట్ కథ దీనికంటే బాగా నేనెక్కడా చదవలేదు.

రాత్రికాపలా:
‘లాంగ్ హాలోవీన్’ ఎప్పుడైనా చదవొచ్చు. రెండో పుస్తకంగా అదే పెడితే మళ్లీ అదే మాఫియా, అదే కాలం. బ్యాట్‌మ్యాన్ పూర్తిగా ఎదిగిన రూపం చూడటానికి ఇంకో 13 ఇష్యూలు ఆగాలి. పొత్తు గురించి బెంగ వద్దు, ‘ఔల్స్’ చదవడానికి ఏ పుట్టుక కథ అయినా సరిపోతుంది. జాగ్రత్త పడాల్సింది దాని తర్వాత. అదే వరసలో 21 నుంచి 33 దాకా (28 తప్ప) ‘జీరో ఇయర్’ వస్తుంది. స్నైడర్ బ్యాట్‌మ్యాన్ మొదటి రోజుల్ని తన పద్ధతిలో మళ్లీ చెప్పాడు, ‘ఇయర్ వన్’తో కలవదు. రెండూ నిజమే ఎలా అవుతాయని తల బద్దలు కొట్టుకోకుండా వేరే ప్రపంచపు కథగా చదవండి.

పాతసంచిక:
‘జీరో ఇయర్’ విషయంలో మీ మాటే నాదీ. ‘లాంగ్ హాలోవీన్’ని వెనక్కి నెట్టడానికి మాత్రం ఒప్పుకోను. చెంప మీద ఆ గీతలు గుర్తుండగానే చదవాలి, ఆరు నెలల తర్వాత తీస్తే ఆ ముడి కంటపడదు.