తెల్ల కుక్క ఒళ్ళు సున్నం కొట్టినట్టు వస్తోంది, ఏం చేయాలి?

సందేహం:
అందరికీ నమస్కారం. ఆయిల్ రంగుల్లో వేటకుక్క బొమ్మ వేస్తున్నాను. పాయింటర్, ఒళ్ళంతా తెలుపు, చెవులు గోధుమ రంగు. ఎదురుగా గడ్డిలో రెండు కౌజు పిట్టలు. నాలుగు వారాలుగా సన్న బ్రష్‌తో ఒక్కో వెంట్రుకా గీస్తున్నా, కుక్క మాత్రం సున్నం కొట్టిన గోడలా ఉంది. పిట్టల చారలేమో చాప మీద చారల్లా ఉన్నాయి. తప్పెక్కడ?

జవాబు:
తమ్ముడూ, ఫొటో చూశాను. ఎత్తిన ముందుకాలు, వెన్నుకు సమంగా సాగిన తోక చక్కగా కుదిరాయి, వాటిని ముట్టుకోకు. చిక్కంతా తెలుపులోనే ఉంది. ట్యూబులోని టైటానియం వైట్‌తోనే ఒళ్ళంతా నింపేశావు. ఇక ఎండ పడ్డ చోటు చూపించడానికి నీ దగ్గర ఏం మిగిలింది?

ఫ్రాన్స్‌లో పదిహేనో లూయీ వేటకుక్కల్ని చిత్రించిన ఊద్రీ (1686–1755) కుర్రతనంలో ఇదే నేర్చుకున్నాడు. గురువు లార్జిలియేర్ పూలు తెమ్మంటే రంగురంగులవి తెచ్చాడు. ‘అన్నీ తెల్లవే తీసుకురా’ అని మళ్ళీ పంపి, వాటిని లేత రంగు నేపథ్యానికి ఎదురుగా పెట్టి వేయించాడు గురువు. నీడలోని తెలుపు ఎంత ముదురో అప్పుడు తెలిసింది. 1753లో ఊద్రీ వేసిన తెల్ల బాతు బొమ్మ వెతికి చూడు. బాతు, గుడ్డ, కొవ్వొత్తి, గిన్నె అన్నీ తెలుపే, ఏ రెండు తెలుపులూ ఒకటి కావు. ఎప్పుడు చూసినా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

అల్ట్రామరీన్ బ్లూ, బర్న్ట్ సియెన్నా (ఎర్ర గోధుమ రంగు) కలిపి బూడిద రంగు చేసుకో, అందులో కొంచెం కొంచెంగా తెలుపు కలుపు. కుక్క పొట్ట కింద మాత్రం ఎండుగడ్డి పసుపు తగలాలి. అచ్చ తెలుపు భుజం మీద, ముక్కు దూలం మీద, అదీ చివర్లోనే. పాయింటర్‌ది పొట్టి వెంట్రుక, ఒక్కొక్కటీ గీయక్కర్లేదు. వెలుగు నీడలోకి తిరిగే చోట నాలుగు గీతలు చాలు.

పిట్టను ముందు చారల్లేకుండా కోడిగుడ్డులా గుండ్రంగా తేల్చు. ఆరాక చారల్ని రొమ్ము వంపు వెంట తిప్పు. అంచుకు వెళ్ళేకొద్దీ అవి దగ్గరపడాలి.

మళ్ళీ అడిగినవారు:
అక్కా, రంగు ఇప్పటికే మందంగా పడింది. గీకేయమంటారా?

జవాబు:
వద్దు. వేలికి అంటకుండా ఆరిందంటే, ఆ బూడిద రంగులో కాస్త లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) కలిపి నీడల మీద పల్చగా పూయి. పై పూతలో నూనె కింది పూతకన్నా తగ్గకూడదు, తగ్గితే పగుళ్ళొస్తాయి. పొట్ట కిందనుంచి మొదలుపెట్టి, అక్కడివరకు అయ్యాక ఫొటో పెట్టు.